ముప్పై మిల్లీమీటర్లు కిందికి: సస్పెన్షన్ ప్రాజెక్టు డైరీ

బండి ముందు చక్రాల డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. ఖాళీ బరువు 1,090 కేజీలు, అందులో 63 శాతం ముందు ఇరుసు మీదే. వీల్‌బేస్ 2,500 మి.మీ. ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకర్ కలిసి ఒకే నిలువు స్తంభంగా ఉండేది), వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే, మెలి తిరిగే దూలం). 1974లో వచ్చిన మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌కి కూడా ఇదే అమరిక. అప్పట్నుంచి చిన్న కార్లలో ఇది పాతుకుపోయింది కాబట్టి ఇక్కడి లెక్క తీరు చాలా బండ్లకు సరిపోతుంది. అంకెలు మాత్రం ఎవరి బండివి వాళ్లు కొలుచుకోవాల్సిందే.

కావలసింది ఇదీ: ముందు 30, వెనక 25 మి.మీ. దించాలి. బండి రోజూ తిరగాలి, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉన్నా గతుకుల్లో దబ్బుమని కొట్టుకోకూడదు.

1వ రోజు: ముందు కొలతలు

ఏ పార్టు ఆర్డర్ చెయ్యాలన్నా ముందు ఈ పూట గడవాలి. చదునైన నేల, నాలుగు టైర్లలో ఒకే లెక్కన 2.3 బార్ గాలి, సగం ట్యాంకు పెట్రోలు, డిక్కీ ఖాళీ. జాకీ దింపగానే కొలిస్తే తప్పు వస్తుంది. టైర్లు నేలను పక్కలకు పట్టుకుని ఉండటంతో బండి పూర్తిగా కూర్చోదు. రెండు మూడు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించి, నాలుగు మూలలా నొక్కి వదిలాకే టేపు పట్టుకోవాలి.

చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా అంకెలో కలిసిపోతాయి.

ముందు ఎడమ 362, ముందు కుడి 359, వెనక ఎడమ 366, వెనక కుడి 364. ఎడమకీ కుడికీ రెండు మూడు మి.మీ. తేడా మామూలే. ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే, కొత్త స్ప్రింగులు వేశాక ఆ తేడా చూసి ఏదో తప్పు బిగించామని వెతుక్కుంటూ కూర్చోవాలి.

అసలు ముఖ్యమైన కొలత డస్ట్ బూట్ (షాకర్ రాడ్‌కి దుమ్ము పట్టకుండా ఉండే తొడుగు) కింద ఉంది. బండి చక్రాల మీద నిలబడి ఉండగా స్టీరింగు పక్కకి తిప్పి, బూట్ పైకి జరిపి చూస్తే షాకర్ రాడ్ మెరుస్తూ కనపడుతుంది. షాకర్ బాడీ పై అంచుకీ బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా దిగినప్పుడు దెబ్బ తగలకుండా అడ్డుపడే మెత్తటి దిమ్మె) కింది అంచుకీ మధ్య ఖాళీ ఎంతుందో చూడాలి. ముందు 56 మి.మీ. వచ్చింది. బంప్ స్టాప్ పొడవు 62 మి.మీ., పసుపురంగు పాలీయురేథేన్ నురగ. అది గట్టిగా నొక్కితే మూడో వంతుకి అణుగుతుంది, అంటే ఇంకో 40 మి.మీ. వెనక షాకర్ల దగ్గర ఖాళీ 62 మి.మీ.

రాడ్‌కి ఒక్కో సన్న ప్లాస్టిక్ టై కట్టి, బాడీ మీద ఆనేదాకా కిందికి జరిపి వదిలేశాం. రాడ్ లోపలికి దిగినప్పుడల్లా బాడీ అంచు టైని పైకి నెడుతుంది, అది అక్కడే ఆగిపోతుంది. వారం తిరిగాక ఆ టై ఎక్కడుందో చూస్తే సస్పెన్షన్ ఎంత దాకా వెళ్ళొచ్చిందో తెలుస్తుంది. టై మరీ బిగిస్తే రాడ్ మీద గీత పడి సీల్ పోతుంది. వేలితో జరిగేంత వదులుండాలి, తోక కత్తిరించిన మొన రాడ్ వైపు తిరగకూడదు.

8వ రోజు: టై ఏం చెప్పింది

ముందు టై 51 మి.మీ. దగ్గర ఆగింది. అంటే స్టాక్ (కంపెనీ ఇచ్చిన) ఎత్తులోనే, మామూలు రోడ్ల మీదే, బంప్ స్టాప్‌కి 5 మి.మీ. దూరం దాకా వెళ్ళొచ్చింది. ఇందులోంచి 30 మి.మీ. కోసేద్దామనుకుంటున్నాం. ఈ ప్రాజెక్టులో ప్రతి నిర్ణయం ఈ ఒక్క అంకె చుట్టూనే తిరిగింది.

9వ రోజు: లెక్కలు

ముందు స్ప్రింగు గట్టిదనం 24 న్యూటన్/మి.మీ. స్ట్రట్ కాస్త వాలి ఉండటంతో చక్రం 1 మి.మీ. కదిలితే స్ప్రింగు 0.95 మి.మీ. కదులుతుంది. ఈ నిష్పత్తిని వర్గం చేసి గుణిస్తే చక్రం దగ్గర 21.7. ఒక్కో ముందు మూల మీద స్ప్రింగు మోసే బరువు సుమారు 300 కేజీలు, ఊగే వేగం 1.35 హెర్ట్జ్ (సెకనుకి అన్నిసార్లు). వెనక స్ప్రింగు 28, నిష్పత్తి 0.8, చక్రం దగ్గర 18. ఖాళీ బండిలో వెనక మూల 170 కేజీలు, ఊగే వేగం 1.64 హెర్ట్జ్.

గట్టి బ్రేకు పరీక్ష ఇలా ఉంటుంది. 0.9 జీ (గురుత్వ త్వరణంలో 0.9 వంతు) బ్రేకులో, గురుత్వ కేంద్రం 530 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, ముందు ఇరుసు మీదకి అదనంగా 208 కేజీలు వచ్చి పడతాయి. ఒక్కో మూలకి 104 కేజీలు, అంటే 1,020 న్యూటన్లు. స్టాక్ స్ప్రింగు దీనికి 47 మి.మీ. దిగుతుంది. ఖాళీ 56 కాబట్టి బంప్ స్టాప్ అంటదు. కంపెనీ ఇంజనీర్లు ఆ 56 ఊరికే వదల్లేదు.

వెనక బరువు పరీక్ష: ముగ్గురు మనుషులు, సామాను కలిపి వెనక ఇరుసు మీద 180 కేజీలు పెరిగితే మూలకి 883 న్యూటన్లు. స్టాక్‌లో 49 మి.మీ. దిగుతుంది, 13 మిగులుతుంది. ఇవే రెండు పరీక్షలకు ఒక్కో ప్రత్యామ్నాయాన్నీ నిలబెట్టి చూశాం.

10వ రోజు: ఏది తీసుకోవాలి

స్ప్రింగు చుట్టు కోయడం గురించి రెండే మాటలు. ఆరు పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతమే పెరుగుతుంది, ఎత్తు మాత్రం దానికి మించి పడిపోతుంది. పైగా చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు సీటులోంచి వదులవుతుంది, కోసిన మొన సీటులో కూర్చోదు. ఇది ప్రత్యామ్నాయాల్లో లేదు.

ఎయిర్ సస్పెన్షన్ కూడా పక్కన పెట్టాం. కంప్రెసర్, ట్యాంకు, వాల్వులు, గొట్టాలు కలిసి బరువు పెంచుతాయి, లీకయ్యే చోట్లు పెరుగుతాయి. నిలబెట్టినప్పుడు నేలకానేలా దించి, నడిపేటప్పుడు పైకి లేపాలనుకునేవాళ్లకి అది పనికొస్తుంది. ఇక్కడ ఆ అవసరం లేదు.

మొదటిది, స్టాక్ షాకర్ల మీద పొట్టి స్ప్రింగులు. ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు, ఖర్చు తక్కువ కాబట్టి. ముందు 30 న్యూటన్/మి.మీ. స్ప్రింగు వేస్తే చక్రం దగ్గర 27.1 అవుతుంది. బండి 30 దిగడంతో రాడ్ దగ్గర ఖాళీ 56 నుంచి 28కి పడిపోతుంది. అదే బ్రేకు పరీక్షలో కొత్త స్ప్రింగు 38 మి.మీ. అడుగుతుంది. ఉన్నది 28. ప్రతి గట్టి బ్రేకుకీ ముక్కు బంప్ స్టాప్ మీద వాలుతుంది. అక్కడ నుంచి గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మలుపులో బ్రేకు వేస్తే బయటి ముందు టైరు పట్టు ఉన్నట్టుండి జారుతుంది. "స్ప్రింగులు వేశాక బండి గట్టిపడింది" అని చాలామంది అనుకునేది స్ప్రింగు గట్టిదనం వల్ల కాదు. వాళ్లు బంప్ స్టాప్ మీద తిరుగుతున్నారు.

ఇదే కలయికలో ఇంకో లోటు డ్యాంపింగ్, అంటే షాకర్ ఊపుని ఆపే బలం. స్ప్రింగు గట్టిపడితే షాకర్ కూడా ఆ గట్టిదనం వర్గమూలం లెక్కన పెరగాలి. 21.7 నుంచి 27.1కి పోతే 12 శాతం ఎక్కువ డ్యాంపింగ్ కావాలి. కొత్త స్టాక్ షాకర్ అయితే ఎలాగో సర్దుకుంటుంది. 80 వేల కి.మీ. తిరిగిన షాకర్‌లో ఆ మిగులు ఉండదు. బండి పడవలా రెండు మూడుసార్లు ఊగి ఆగుతుంది. 15 మి.మీ. మాత్రమే దించేవాళ్లకి, షాకర్లు కొత్తవైతే, ఈ దారి బాగానే ఉంటుంది. 30కి చాలదు.

రెండోది, అవే స్ప్రింగులు, పొట్టి బాడీ షాకర్లతో. ఈ రకం షాకర్ బాడీ స్టాక్ కంటే పొట్టిగా ఉంటుంది, దించిన ఎత్తుకి తగ్గ డ్యాంపింగ్ ఉంటుంది. బిల్‌స్టీన్‌లో బీ6 స్టాక్ ఎత్తు కోసం, బీ8 దించిన బండి కోసం పొట్టిగా చేసినది. కొనేటప్పుడు ఈ తేడా చూడకపోతే డబ్బు పోసి మళ్లీ మొదటి సమస్యే తెచ్చుకున్నట్టు. ఇక్కడ చూసిన ముందు షాకర్ బాడీ 20 మి.మీ. పొట్టి, వెనకది 12 మి.మీ. పొట్టి. ముందు ఖాళీ 28 కి 20 కలిస్తే 48. బ్రేకు పరీక్ష 38. నిలిచింది.

వెనక లెక్క చూస్తే, కొత్త స్ప్రింగు చక్రం దగ్గర 24. అదే 883 న్యూటన్లకి 37 మి.మీ. దిగుతుంది. 25 మి.మీ. దించాక ఖాళీ 37. స్టాక్ షాకరైతే సరిగ్గా సున్నా మిగులుతుంది, నలుగురు కూర్చోగానే బండి బంప్ స్టాప్ మీద నిలబడి ఉంటుంది. పొట్టి షాకర్‌తో 12 మిగులుతుంది. స్టాక్‌లో 13 ఉండేది. ఇంతకన్నా ఏం కావాలి!

ఇంకో లాభం అనుకోకుండా దొరికింది. మారిస్ ఓలీ 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తూ తేల్చిన సంగతి, వెనక ఊగే వేగం ముందు కన్నా కాస్త ఎక్కువుంటే గతుకు దాటాక బండి ముందూ వెనకా ఊయలలా ఊగదని. స్టాక్‌లో నిండు బరువుతో వెనక 1.32 హెర్ట్జ్, ముందు 1.35 కన్నా కిందికి పోతుంది. కొత్త స్ప్రింగులతో నిండు బండిలోనూ వెనక 1.53, ముందు 1.51.

మూడోది కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకర్ జోడీలు. ఇందులో రెండు రకాలని కొనేవాళ్లలో చాలామంది గమనించరు. ఒకటి, మరలు (థ్రెడ్లు) ఉన్న బాడీ మీద స్ప్రింగు సీటు మాత్రమే పైకీ కిందికీ జరిగేది. రెండోది, బాడీ మొత్తం కింది బ్రాకెట్‌లోకి మరల మీద దిగేది. మొదటి రకంలో ఎత్తు తగ్గిస్తే బంప్ ప్రయాణం (చక్రం పైకి కదలగలిగే దూరం) కూడా అంతే తగ్గుతుంది. రెండో రకంలో షాకర్ ప్రయాణం అలాగే ఉంటుంది, కానీ చక్రం లోపలికి ఎంత పైకి పోతుందన్నది మన చేతిలోకి వస్తుంది, దాన్ని చూసుకోవాల్సిన బాధ్యతతో సహా. సీటు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందన్న మాట తప్పు. సమాన చుట్ల స్ప్రింగు 40 న్యూటన్/మి.మీ. అంటే ఎంత ముందే నొక్కిపెట్టినా మిల్లీమీటరుకి 40 న్యూటన్లే. మారేది ఎత్తు మాత్రమే.

40 స్ప్రింగుతో చక్రం దగ్గర 36, ఊగే వేగం 1.75 హెర్ట్జ్, బ్రేకు పరీక్షలో దిగేది 28 మి.మీ. బండి 45, 50 మి.మీ. దించాలంటే ఇలాంటి గట్టి స్ప్రింగు తప్పదు, మిగిలిన కొద్దిపాటి ప్రయాణంలో సర్దుకోవాలి కాబట్టి. 60 స్ప్రింగు వేస్తే 2.14 హెర్ట్జ్. అది ట్రాకుకు బాగుంటుంది, రోజూ తిరిగే బండికి నడుము నొప్పి. కేడబ్ల్యూ వేరియంట్ 1 లో ఎత్తు మాత్రమే మారుతుంది, 2 లో రీబౌండ్ (షాకర్ సాగేటప్పటి డ్యాంపింగ్) కూడా, 3 లో రీబౌండ్, కంప్రెషన్ (అణిగేటప్పటిది) రెండూ. ఎత్తు ఒకసారి పెట్టి వదిలేసే బండికి వాటిలో సగం అనవసరం.

ఇంకా దించకపోవడానికి ఇంకో కారణం కింది ఆర్మ్, అంటే చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే చెయ్యి. స్టాక్‌లో దాని బయటి చివర, అంటే బాల్ జాయింట్, లోపలి బుష్ (రబ్బరు కీలు) కన్నా 22 మి.మీ. కిందుంది. 30 దించితే 8 మి.మీ. పైకి పోతుంది, ఇంచుమించు అడ్డంగా ఉన్నట్టే. 50 దించితే 28 మి.మీ. పైకి. ఆర్మ్ అలా పైకి వాలేకొద్దీ రోల్ సెంటర్ (మలుపులో బండి పక్కకి వాలేటప్పుడు కేంద్రంగా ఉండే ఊహా బిందువు) బాడీ కన్నా ఎక్కువగా కిందికి జారిపోతుంది. బండి దిగినా మలుపులో పక్కకి వాలే బలం పెరుగుతుంది. దాన్ని సరిచేసే పొడుగు బాల్ జాయింట్లు దొరుకుతాయి, కానీ 30 దగ్గర ఆగితే వాటి అవసరమే రాదు.

నిర్ణయం: 30/25 మి.మీ. ప్రోగ్రెసివ్ (నొక్కేకొద్దీ గట్టిపడే) స్ప్రింగులు, పొట్టి బాడీ ట్విన్ ట్యూబ్ (ఒకదాన్లో ఒకటి రెండు గొట్టాల) గ్యాస్ షాకర్లు, రీబౌండ్ తిప్పుకునే రకం. తలకిందులుగా అమర్చే మోనోట్యూబ్ (ఒకే గొట్టం) స్ట్రట్‌లో బంప్ స్టాప్ లోపల దాక్కుంటుంది, టై కట్టి కొలవడానికీ వీలుండదు, ప్యాకర్ (బంప్ స్టాప్ ముందే తగిలేలా పెట్టే బిళ్ల) వెయ్యడానికీ ఉండదు. ఈ ప్రాజెక్టులో ఆ రెండూ కావాలి.

14వ రోజు: సామాను జాబితా

స్ప్రింగులు 4, షాకర్లు 4. పై స్ట్రట్ మౌంట్లు 2, వాటి బేరింగులు 2. బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు నాలుగేసి. రాడ్ పై నట్లు 4 కొత్తవి, స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం హబ్‌ని పట్టుకునే ముక్క) కలిపే బోల్టులు, నట్లు నాలుగేసి, స్టెబిలైజర్ లింక్ (మలుపులో వాలకుండా ఆపే బార్‌ని స్ట్రట్‌కి కలిపేది) నట్లు 4, వెనక షాకర్ కింది బోల్టులు 2. వెనక స్ప్రింగు రబ్బరు సీట్లు పైన 2, కింద 2. 10 మి.మీ. బంప్ ప్యాకర్లు 2 ముందుజాగ్రత్తకి.

పాత మౌంటే వాడదామని చాలామందికి అనిపిస్తుంది. స్ట్రట్ విప్పడం, స్ప్రింగు నొక్కడం అన్నీ అయ్యాక బేరింగు కరకరమంటే మొత్తం పని మళ్లీ మొదలు. ఆ రెండు బేరింగుల దగ్గర పొదుపు చెయ్యడం దండగ.

టార్క్‌కి బిగించాక ఇంకొన్ని డిగ్రీలు కూడా తిప్పాల్సిన బోల్టులు సాగేవి, ఒకసారి విప్పితే మళ్లీ పనికిరావు. టార్క్ అంకెలు ఇక్కడ రాయడం లేదు. బండి బండికీ మారతాయి, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే వాడాలి.

15వ రోజు: ముందు భాగం

విప్పే ముందు పై మౌంట్ మీద, స్ట్రట్ టవర్ మీద పెయింట్ పెన్నుతో గీత. మౌంట్ ఏ వైపు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు. బండి జాక్ స్టాండ్ల మీద, చక్రం విప్పి, ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం స్ట్రట్ క్లిప్పుల నుంచి విడదీసి, లింక్ నట్ విప్పాం. కాలిపర్ గొట్టం మీద వేలాడకుండా వైరుతో కట్టాం. నకిల్ బోల్టులు తీశాక నకిల్ బయటికి వాలిపోతే లోపలి సీవీ జాయింట్ (డ్రైవ్ షాఫ్ట్ కీలు) ఊడి వస్తుంది, దానికీ ఒక తాడు.

స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా రెండు వైపులా, వీలైనన్ని చుట్లు పట్టేలా. కంప్రెసర్ మర (థ్రెడ్) మీద గ్రీజు. చేత్తో, ఒకటి నాలుగు చుట్లు, రెండోది నాలుగు చుట్లు. ఇంపాక్ట్ గన్ (నట్లు తిప్పే యంత్రం) పెడితే ఒక వైపు కొక్కెం జారి స్ప్రింగు ఎటు ఎగురుతుందో చెప్పలేం. స్ప్రింగు రెండు సీట్ల మధ్య వేలితో తిప్పితే తిరిగేంత వదులయ్యేదాకా రాడ్ పై నట్ ముట్టుకోకూడదు.

ఆ నట్‌కి ఆఫ్‌సెట్ రింగ్ స్పానర్, రాడ్ కొస గుంటలో అల్లెన్ కీ. పాతది విప్పడానికి గన్ వాడినా నష్టం లేదు, ఎలాగూ పారేసేదే. కొత్త షాకర్ బిగించేటప్పుడు మాత్రం వద్దే వద్దు. గన్ రాడ్‌ని లోపల గిరగిరా తిప్పుతుంది, పిస్టన్ నట్ వదులవ్వచ్చు, సీల్ అంచు కాలొచ్చు. కొత్త షాకర్ నెలకే ఆయిలు కారడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు చాలామంది వదిలేసే అడుగు. కొత్త షాకర్, బంప్ స్టాప్, మౌంట్ పెట్టి, స్ప్రింగు లేకుండా స్ట్రట్‌ని బండికి బిగించాం. చక్రం తొడిగి, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ బాగా అణిగేదాకా నెమ్మదిగా లేపాం. బాడీ 20 మి.మీ. పొట్టి అంటే చక్రం ఇంతకు ముందెప్పుడూ పోనంత, 20 మి.మీ. పైకి పోగలదన్నమాట. అక్కడేముందో స్ప్రింగు వేసి రోడ్డెక్కాక తెలుసుకోవడం కన్నా ఇక్కడే చూడటం మేలు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాం. చివరి 9 మి.మీ. ప్రయాణంలో, పూర్తిగా తిప్పినప్పుడు, టైరు లోపలి భుజం మడ్‌గార్డ్ లైనర్ ముందు అంచుని తాకింది. ప్లాస్టిక్ మీద సన్నగా నల్ల గీత పడింది.

అందుకే 10 మి.మీ. ప్యాకర్, బంప్ స్టాప్ పైన. ఖాళీ 48 నుంచి 38 అయింది. బ్రేకు పరీక్ష అడిగేది 38, సరిగ్గా సరిహద్దు. లైనర్ కోసి 48 ఉంచుకోవచ్చు గానీ, స్టాప్ మొదట తాకేటప్పుడు మెత్తగానే ఉంటుంది కాబట్టి ప్యాకరే సరైనదనిపించింది.

అదే భంగిమలో స్టెబిలైజర్ బార్ కొస డ్రైవ్ షాఫ్ట్‌కి ఎంత దూరంలో ఉందో కూడా చూశాం. 14 మి.మీ. ఉంది. 10 కన్నా తక్కువైతే పొట్టి లింకులు వెయ్యాల్సి వచ్చేది.

స్ప్రింగుతో స్ట్రట్ కూర్చేటప్పుడు ప్రోగ్రెసివ్ స్ప్రింగులో దగ్గరదగ్గరగా ఉన్న చుట్లు ఏ వైపుండాలో స్ప్రింగు మీద అచ్చేసిన అక్షరాలు చూసి తెలుసుకోవచ్చు. అవి నిటారుగా చదవగలిగేలా ఉండాలి. కొక్కేలు దూరదూరంగా ఉన్న చుట్లకే తగిలించాలి. లింక్ నట్లు రెండు వైపులా చక్రాలు ఒకే ఎత్తులో ఉండగానే బిగించాం, లేకపోతే బార్ మెలిపడి లింకు మరలో కూర్చోనంటుంది.

16వ రోజు: వెనక భాగం

ముందుకన్నా సగం పని. బీమ్ కింద జాకీ, రెండు వైపులా షాకర్ కింది బోల్టులు తీసి, బీమ్ దించితే స్ప్రింగులు చేతికొస్తాయి. రెండు జాగ్రత్తలు. బీమ్ దించేటప్పుడు బ్రేకు గొట్టాలు, హ్యాండ్ బ్రేకు తీగ సాగుతున్నాయేమో చూస్తూ ఉండాలి. బాడీకి, బీమ్‌కి మధ్య కడ్డీ కట్టిన బ్రేకు లోడ్ వాల్వు ఉన్న పాత బండ్లలో ఎత్తు తగ్గితే ఆ వాల్వు బండి బరువెక్కిందనుకుని వెనక బ్రేకు ఒత్తిడి పెంచుతుంది. దాన్ని మాన్యువల్ ప్రకారం తిరిగి అమర్చాలి. ఈ బండిలో ఆ పని ఏబీఎస్ చూసుకుంటుంది.

కొత్త స్ప్రింగు వేశాక షాకర్ పూర్తిగా సాగిన స్థితిలో స్ప్రింగు సీట్ల మధ్య వదులుగా ఉందా అని చూడాలి. చేత్తో తిప్పితే తిరగలేదు. తిరిగి ఉంటే చక్రం గాల్లో లేచినప్పుడల్లా స్ప్రింగు సీటు తప్పే ప్రమాదం.

రబ్బరు బుష్ ఉన్న ఏ బోల్టూ బండి గాల్లో ఉండగా ఆఖరి బిగింపు ఇవ్వకూడదు. బుష్ లోపలి గొట్టం బిగించిన కోణంలోనే అతుక్కుపోతుంది. వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, ఎత్తు కొంచెం ఎక్కువ చూపిస్తుంది, నెలల్లో చిరుగుతుంది. చక్రాల కింద మందపాటి చెక్క దిమ్మెలు పెట్టి, బండి బరువు మీద కూర్చున్నాక బిగించాం. ముందు కింది ఆర్మ్ లోపలి బోల్టుల్ని కూడా ఈ సందర్భంలో వదులు చేసి మళ్లీ బిగించాలి. అవి విప్పకపోయినా, కొత్త ఎత్తుకి ఆ బుష్‌లు మెలి తిరిగే ఉన్నాయి.

16వ రోజు సాయంత్రం: మొదటి కొలత

ముందు ఎడమ 336, ముందు కుడి 337, వెనక ఎడమ 344, వెనక కుడి 342.

పైకి చూస్తే సమంగానే ఉన్నట్టుంది. కానీ మొదటి రోజు రాసిన కాగితం పక్కన పెడితే ఎడమ 26 దిగింది, కుడి 22 మాత్రమే. స్టాక్‌లో కుడి ఎడమ కన్నా 3 తక్కువుండేది. ఇప్పుడు 1 ఎక్కువ. 4 మి.మీ. ఎక్కడో తేలింది.

కుడి స్ట్రట్‌ని టార్చి వేసి చూస్తే దొరికింది. స్ప్రింగు కింది కొస సీటులో ఉన్న మెట్టుకి ఆనకుండా, మెట్టు మీదికెక్కి కూర్చుంది. కంప్రెసర్ వదిలేటప్పుడు స్ప్రింగు కొద్దిగా తిరిగి ఉంటుంది. స్ట్రట్ మళ్లీ విప్పి, కొస మెట్టుకి తగిలీ తగలనట్టు, ఒకటి రెండు మి.మీ. సందు ఉండేలా కూర్చోబెట్టాం. అప్పుడు కుడి 333 వచ్చింది, అంటే 26 దిగింది. మెట్టెక్కిన స్ప్రింగుతో తిరిగితే ఏదో ఒక గతుకులో టక్కున దిగి శబ్దం వస్తుంది, ఒకోసారి సీటు అంచు పగులుతుంది కూడా.

అనుకున్న 30 ఇంకా రాలేదని కంగారుపడక్కర్లేదు. కొత్త స్ప్రింగులు, రబ్బరు సీట్లు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త కూర్చుంటాయి.

టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడా) మాత్రం ఆగదు. స్ట్రట్ బోల్టులు విప్పాం, ఎత్తు మారింది, టైరాడ్ (స్టీరింగు నుంచి చక్రానికి పోయే కడ్డీ) కోణం మారింది. బండికి రెండు వైపులా దారం కట్టి చూస్తే ముందు చక్రాలు మొత్తం 5 మి.మీ. బయటికి తెరుచుకుని ఉన్నాయి. ఇలా వదిలేస్తే లోపలి అంచులు కొన్ని వందల కిలోమీటర్లలోనే రంపంలా గరుకెక్కుతాయి. దించిన బండి టైర్లు తినడానికి చాలామంది క్యాంబర్‌ని (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణం) తిడతారు. అసలు దొంగ టో. టైరాడ్లు రెండు వైపులా సమంగా తిప్పి సున్నాకి తెచ్చి, అప్పుడే రోడ్డెక్కించాం.

19వ రోజు: రీబౌండ్

షాకర్లు పూర్తి మెత్తదనం నుంచి మొదలు. పావు చుట్టు చొప్పున పెంచుతూ, ప్రతిసారీ అదే గతుకు, అదే 50 కి.మీ. వేగం. ముందు ముప్పావు చుట్టు దగ్గర గతుకు దాటాక ముక్కు ఒక్కసారి లేచి స్థిరపడింది. వెనక అర చుట్టు చాలింది. ఇంకా పెంచి చూస్తే వరస గతుకుల మీద బండి తిరిగి లేవడానికి టైము దొరక్క ఒక్కో గతుకుకీ ఇంకొంచెం కిందికి కుంగుతుంది. టై మీద కూడా అది కనిపించింది. వెనక ఒక చుట్టు దగ్గర టై ఇంకో 6 మి.మీ. పైకి జరిగింది. రీబౌండ్ ఎంత గట్టిదైతే అంత మంచిదన్న భ్రమ వదులుకోవడానికి ఆ 6 మి.మీ. చాలు.

500 కి.మీ.

ముందు 332, 330. వెనక 341, 339. ముందు 30, 29; వెనక రెండూ 25. ఇప్పుడు అలైన్‌మెంట్. ఇంతకన్నా ముందే చేయిస్తే కూర్చోబోయే మిల్లీమీటర్లకి మళ్లీ చేయించాల్సి వచ్చేది.

ముందు క్యాంబర్ మైనస్ 30 నిమిషాల (60 నిమిషాలు ఒక డిగ్రీ) నుంచి ఎడమ మైనస్ 1 డిగ్రీ 5 నిమిషాలు, కుడి మైనస్ 1 డిగ్రీ 10 నిమిషాలకి వచ్చింది. రోడ్డు బండికి ఇది హాయిగా నడుస్తుంది. క్యాంబర్ బోల్టులు అక్కర్లేదు. టో మొత్తం 1 మి.మీ. లోపలికి, స్టీరింగు నిటారుగా. వెనక క్యాంబర్, టో దాదాపు కదల్లేదు. ట్విస్ట్ బీమ్‌లో రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు కోణాలు మారవు. వెనక కూడా "సెట్ చెయ్యాలి" అంటే, ఆ బీమ్‌లో తిప్పడానికి ఏమీ లేదని గుర్తుంచుకోవాలి.

నేలకీ బండి అడుగుకీ మధ్య 165 నుంచి 136. రెండు ఇరుసుల మధ్య గుట్ట ఎక్కే కోణం 15 డిగ్రీల నుంచి 12.4. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు తాకే చోటు ఎగ్జాస్ట్ మధ్య కలయిక బోల్టులు, వాటిని తిప్పి బిగిస్తే 7 మి.మీ. కలిసొచ్చింది.

హెడ్‌లైట్లు: ముందు వెనక కన్నా 5 మి.మీ. ఎక్కువ దిగింది కాబట్టి 10 మీటర్ల దూరంలో వెలుగు అంచు 2 సెం.మీ. కిందికి వంగింది, దీపాలే దిగిన 3 సెం.మీ. దానికి అదనం. వెలుగు అంచు 10 మీటర్లకి 10 సెం.మీ. వాలేలా మళ్లీ సర్దాం. అద్దం వెనక కెమెరా, బంపర్‌లో రాడార్ ఉన్న బండ్లకి ఎత్తు మారాక వాటి క్యాలిబ్రేషన్ కూడా చేయించాలి.

టైలు: ముందు 41 మి.మీ. దగ్గర ఆగింది. 38 దాటి 3 మి.మీ. బంప్ స్టాప్ అణిగింది, అదీ ఆపి ఆపి చేసిన గట్టి బ్రేకు పరీక్షల్లో. ఈ వారం మామూలు తిరుగుడులో 33 దాటలేదు. వెనక నలుగురితో, సామానుతో వెళ్ళొచ్చాక 44. ఖాళీ బండి కొలత నుంచి 49 దాకా చోటుంది.

ఇంకా మిగిలింది

5,000 కి.మీ. దగ్గర రాడ్ పై నట్లు, నకిల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. లైనర్ మీద పడిన నల్ల గీత పొడవు కొలిచి పెట్టాం, 22 మి.మీ. అది పెరిగితే ప్యాకర్ 15 కి మార్చాలి. టైలు విప్పలేదు, అలాగే ఉంచాం.